అరవై ఐదో గడి

ఓబిలేష్ తన చేత్తో రిపేరు తాళం వేసిన స్టార్టరు పెట్టె, మధ్యాహ్నం మూడు గంటలకు కరెంటు వచ్చిన మరుక్షణం, ఎవరూ ముట్టుకోకుండానే టక్కుమని మోటారును ఆన్ చేసింది. వైర్లు ముందే విప్పి పెట్టాడు కాబట్టి బోరు లోపల ఏమీ తిరగలేదు. ఎర్ర దీపం ఆరింది, పచ్చ దీపం వెలిగింది, అంతే. తాళం వేశాక ఎర్ర దీపం వెలుగుతున్నంత సేపూ మోటారు కదలదని, వైరు పట్టుకున్న మనిషి ప్రాణానికి ఆ దీపమే పూచీ అని నాలుగేళ్ళుగా ఊరూరా తిరిగి చెప్పినవాడు తనే. పెట్టె మీది చిన్న తెరలో ఇంగ్లీషు అక్షరాల వరుస ఒకటి పాకింది: మోటారు ఆన్, చేతితో. ఎవరి చేతితో? తన రెండు చేతులూ ల్యాప్‌టాప్ మీదున్నాయి. మెకానిక్ జిలాన్ బాషా నలభై అడుగుల అవతల వేపచెట్టు కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు, చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. బోరులో వాటా ఉన్న మారెక్క, చేను చివర వంగి కలుపు పీకుతోంది. ముగ్గురు మనుషులు, ఆరు చేతులు, ఒక్కటీ పెట్టె మీద లేదు. నిమిషం గడవకముందే కరెంటు పోయింది. రెండో విడత మళ్ళీ నాలుగింటికి. పచ్చ దీపం ఆరిపోయాక కూడా ఆ టక్కుమన్న చప్పుడు అతని చెవిలోనే ఉంది. ఇరవై రోజుల కిందట మెకానిక్ సుంకన్న విన్నదీ ఈ చప్పుడే అయుంటుంది, వినేలోపే అతని వేళ్ళు కాలిపోయి ఉంటాయి.

ఆ రోజు కూడా ఇదే బోరు, ఇదే పెట్టె. కాలిన కేబులును కోసి కొత్త అతుకు వేస్తున్నారు. సుంకన్న మూడు రాగి తీగల కొసలూ చేత్తో మెలిపెడుతున్నాడు. అతనితో ఇరవై రెండేళ్ళుగా కణేకల్ చుట్టుపక్కల మోటార్లు దింపుతూ ఎక్కిస్తూ ఉన్న బాషా, పెట్టెకు తాళం వేసి, టేపు చుట్ట అందించడానికి పెట్టె పక్కనే నిలబడ్డాడు. కరెంటు వచ్చింది. పెట్టె ఆన్ అయ్యింది. మూడు సెకన్లలో మళ్ళీ దానంతటదే ఆగింది, కానీ ఆ మూడు సెకన్లు చాలు. కుడిచేతి రెండు వేళ్ళు ఆసుపత్రిలో తీసేశారు, మిగతావి ముడుచుకోవు. పెట్టె లోపలి లాగ్, అంటే తనకేం జరిగిందో క్షణక్షణం అదే రాసుకునే డైరీ, ఆఫీసులో తెరిచి చూస్తే ‘చేతితో’ అని ఉంది. అప్పుడు పెట్టె దగ్గరున్న చేయి బాషాది. ఆసుపత్రి మంచం మీద సుంకన్న ఆ మాట విని గోడ వైపు తిరిగిపోయాడట. ఆ తర్వాత బాషా ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ముఖం ఇటు తిరగలేదు. ఇప్పుడు బాషా చేతిలో ఉన్న కాగితం ఆఫీసు నుంచి ఓబిలేష్ తెచ్చిందే. పొరపాటు నాదే, పొరపాటున నేనే స్విచ్ నొక్కాను, ఇకపై కంపెనీ పెట్టెలను ముట్టుకోను. కింద సంతకానికి ఖాళీ. సంతకం తీసుకో, పెట్టె మార్చేసి రా, అని పొద్దున పంపించాడు శశికుమార్. ఈ పెట్టెలు చేసే కంపెనీ ఇద్దరిదీ, అతనిదీ తనదీ, ఇంజనీరింగ్ కాలేజీ బెంచీ మీద మొదలైన స్నేహం. పెట్టె మార్చడానికి ముందు ఒక్కసారి ఊరికే పరీక్షించి చూద్దామనుకున్నాడు ఓబిలేష్. ఎందుకంటే ఆ రోజు లాగ్‌లో కరెంటు వచ్చిన సెకను, చేయి పడిన సెకను ఒకటే. ఇరవై రోజులుగా ఆ రెండు అంకెలు కంట్లో నలుసులా ఉన్నాయి.

“ఏమన్నా తెలిసిందా సార్?” బాషా చెట్టు కిందినుంచే అడిగాడు.

“చూస్తాండా బాషా.”

“చూసేదేముండాది సార్. నేను నొక్కలేదనే అనుకుంటి ఇన్ని దినాలు. ఇప్పుడు పండుకున్నా కూర్చున్నా అదే ఆలోచన. నా చెయ్యే పడిందేమో. పెట్టె రాసింది గదా, దానికేమన్నా నా మీద పగనా? సంతకం పెట్టేస్తా, పెన్ను ఇయ్యండి.”

“కొంచేపు ఆగు.”

ఆగమన్నాడు గానీ ఎందుకు ఆగాలో నోరు తెరిచి చెప్పలేదు, ఎవరి చేయీ పడలేదని తెలిసిన క్షణం నుంచే చెప్పకపోవడం కూడా మొదలైందన్నమాట. కళ్ళు తెర మీద ఉన్నాయి, మనసు బాషా మాట మీద ఉంది. బాషా తన కళ్ళను, తన జ్ఞాపకాన్ని, తన చేతినే అనుమానించి పెట్టెను నమ్ముతున్నాడు. పెట్టె లోపల ఉన్నది కరెంటు లేకున్నా బ్యాటరీ మీద నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, దానిలో లాగ్ రాసే కోడ్ నూట ఇరవై వరుసలు. అందులో ఒక వాక్యం తయారుచేసుకోవడానికి మెమరీలో వరుసగా అరవై నాలుగు గళ్ళు, గడికి ఒక అక్షరం. దాన్నే బఫర్ అంటారు. అరవై ఐదో గడి ఈ కోడ్‌ది కాదు, పక్కవాడిది. ఓబిలేష్ వేలితో తెర మీద లెక్కపెట్టాడు, చిన్నప్పుడు తన ఊరు యాడికిలో బడి గోడ మీద లెక్కపెట్టినట్టు, పెదవులు కదుపుతూ. తేదీ, సమయం పన్నెండు గళ్ళు. తర్వాత బోరు పేరు. బయ్యన్న, సుబ్బరత్నమ్మ, మారుతి, మారెక్క, మధ్యలో గీతలు, ముప్పై ఏడు గళ్ళు. తర్వాత కరెంటు వచ్చిందని చెప్పే రెండు ఇంగ్లీషు మాటలు, సప్లై రిస్టోర్డ్, ఖాళీలతో కలిపి పదహారు. అరవై ఐదు. ఆ పైన వాక్యం అయిపోయిందని చెప్పే సున్నా ఒకటి. అరవై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాడు. అరవై ఆరే. గట్టు దాటి రెండే రెండు గళ్ళు పక్కచేలో దిగాయి. ఆ పక్కచేలో మొదటి గడి, మోటారు ఏ కారణంతో ఆన్ అయిందో దాచుకునేది. రెండో గడి రిపేరు తాళం. చివరి అక్షరం వెళ్ళి పడి కారణాన్ని పాడుచేసింది, సున్నా వెళ్ళి పడి తాళం తీసేసింది. తాళం లేదు కాబట్టి పెట్టె తన మామూలు పని తాను చేసుకుంది, కరెంటు వస్తే మోటారు ఆన్. దాని లెక్కలో తప్పేమీ లేదు.

గుట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి, అంత పెద్ద రెక్కలు అంత నెమ్మదిగా, ఎవరికీ ఏమీ పట్టనట్టు. కాలువకు అవతల వరి పచ్చగా ఉంది, ఇవతల మారెక్క వాళ్ళ వేరుశనగ ఎండకు ఆకులు ముడుచుకుని ఉంది. కాలువ కనపడుతుంది గానీ నీళ్ళు ఇటు ఎక్కవు. అందుకే ఈ ఐదెకరాల్లో ఆరు బోర్లు. ఐదు ఎండిపోతే వాటి నోళ్ళ మీద రాళ్ళు పెట్టారు, ఆరోదాంట్లో నీళ్ళు పడ్డాయి. పడ్డ నీళ్ళకు నాలుగు వాటాలు. వంతుల ప్రకారం ఒక్కొక్కరికి ఒక్కో రోజు. ఈ ప్రాంతంలో ఉమ్మడి బోరుకు పెద్దన్న పేరొక్కటే పెడితే ఒప్పుకోరు, అందరి పేర్లూ వరుసగా ఉండాలి. లేకపోతే మర్నాటికి పెట్టె తలుపు ఊడి పడి ఉంటుంది. ఇది బెంగుళూరులో కూర్చుని కోడ్ రాసేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి పేరుకు ముప్పై రెండు గళ్ళు చాలనుకుంటాడు, మించితే కోసెయ్యమంటాడు. మొదట ఈ కోడ్ కూడా అలాగే ఉండేది. అప్పుడు కోసిన పేరు, అరవై నాలుగులో హాయిగా ఇమిడిపోయేది, మూడు గళ్ళు మిగిలేవి కూడా. కోత ఉన్నంత కాలం తాళం తాళంగానే ఉంది. ఆ కోత తీసేసింది ఎవరు?

కోడ్ మార్పుల చరిత్ర తెరవడానికి ఒక్క మీట నొక్కాలి. వేలు దాని మీద పెట్టి నొక్కకుండా ఆగాడు. ఆఫీసులో కోడ్ ముట్టేవాళ్ళు నలుగురు. కొత్తగా చేరిన లహరి అయితే బాగుండునని ఒక ఆలోచన వచ్చింది. ఇంకా బడి వాసన పోని పిల్ల, ఆమె మీదికి తోసెయ్యాలని ఎంత తొందరగా అనిపించింది. నొక్కాడు. రెండేళ్ళ కిందట, ఆషాఢం, మంగళవారం పన్నెండూ నలభైకి, ఓబిలేష్. పక్కన తను రాసుకున్న గమనిక: పేర్లు పూర్తిగా రావాలి. బఫర్ సంగతి తర్వాత.

ఆ మంగళవారం అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది, టైర్ల కొట్టు పైన వాళ్ళ పాత ఆఫీసు, మెట్ల మీద రబ్బరు వాసన, ఆ మెట్లెక్కి చెమటతో వచ్చిన మారెక్క. అన్నలిద్దరి పేర్లూ వదిన పేరూ పూర్తిగా వచ్చి, చివర తన పేరులో రెండు అక్షరాలే వచ్చాయని ఆమె కూతురు చదివి చెప్పిందట. కుర్చీ వేస్తే కూర్చోలేదు. “నేను మొగుడు సచ్చి పుట్టింటికి వచ్చినదాన్ని, నాయన బతికుండంగానే నాకు పావు వాటా రాసిచ్చినాడు. మా అన్నలు కూడా కాదన్లే. నువ్వెవరప్పా నా పేరు కోసేదానికి?” అంది. శశికుమార్ నవ్వాడు. ఓబిలేష్‌కు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఓబిలేష్ నాయన కూడా చివరి చెల్లెలికి రెండెకరాలు రాసిచ్చినప్పుడు ఊరంతా నవ్వింది. ఆమె నీళ్ళు తాగి మెట్లు దిగేలోపే కోత తీసేశాడు, తెర మీద చూపించే చోట గళ్ళు పెంచాడు, లాగ్ రాసే చోట కూడా పెంచాలనుకున్నాడు. పెంచుతుండగా గుత్తి నుంచి ఫోను, పెట్టెలు దిగాయి లారీ వెయిటింగ్ అని. వెళ్ళాడు. తర్వాత అనుకున్నది ఆ తర్వాత మళ్ళీ గుర్తు రాలేదు. ఆ రోజంతా మంచి పని చేశానన్న సంతోషం మాత్రం బాగా గుర్తుంది. దొంగతనం చేసి ఉంటే ఏదో ఒక రోజు భయపడి వెనక్కి చూసుకునేవాడు, మంచి పని కాబట్టి చూసుకోలేదు.

రెండేళ్ళుగా ఎవరికీ ఏమీ కాకపోవడానికి కూడా కారణం అర్థమైంది. పాత మెకానిక్కులు తాళం వేసినా పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకేస్తారు, చెప్పినా వినరు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద పదకొండు మోటార్లుంటే ఫ్యూజు పీకినప్పుడల్లా పదిమంది రైతులు తిడతారు, అయినా పీకేస్తారు. నాలుగేళ్ళ కిందట శిక్షణ తరగతిలో ముందు వరుసలో కూర్చున్న బాషా లేచి, “అయితే ఇంగ ఫ్యూజు పీకే పని లేదా సార్?” అని అడిగితే, అక్కర్లేదు బాషా, ఎర్ర దీపం చూసుకో చాలు, అన్నాడు తను. అప్పటికి అది నిజం. ఆ నిజాన్ని తనే తర్వాత తీసేశాడు, తీసేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. మొండివాళ్ళంతా బాగున్నారు. నమ్మినవాళ్ళు దెబ్బతిన్నారు.

మూడూ పద్దెనిమిది. ఒక ఆలోచన వెనక ఇంకొకటి వస్తుంటే వాటి మధ్యలోంచి ఒకటి చన్నీళ్ళలా దిగింది. ఇప్పుడు, ఈ క్షణంలో, ఇంకెక్కడైనా ఎర్ర దీపం వెలుగుతోందా? సర్వర్ తెరిచాడు. నాలుగు వందల పన్నెండు పెట్టెల్లో తాళం వేసి ఉన్నవి ఏడు. ఏడింటిలో ముప్పై ఆరు గళ్ళు దాటిన పేర్లు మూడు. గుత్తి దగ్గర ఒకటి, యాడికి దగ్గర రెండు. మూడు చోట్ల మూడు బోర్ల మీద ఎవరో వంగి ఉన్నారు, ఎర్ర దీపాన్ని నమ్ముకుని. మూడు చోట్లా రెండో విడత నాలుగింటికే. చేతులు తొడకు రుద్దుకుని కోడ్ మొదలుపెట్టాడు. కోత తిరిగి పెట్టాడు, ఈసారి పేరు దగ్గర కాదు, లాగ్ రాసే చోటనే, ఏది ఎంత పొడుగు వచ్చినా అరవై మూడో గడి దగ్గర ఆగి చివర సున్నా పెట్టేలా. తాళం గడిని అక్కడినుంచి తీసి ఎక్కడో దూరంగా పెట్టాడు. మొత్తం నాలుగు వరుసలు. సుంకన్న వేళ్ళ ఖరీదు నాలుగు వరుసలు అని రాబోయిన మాటను మనసులోనే ఆపేశాడు, ఇలాంటి మాటలు తర్వాత కథలుగా చెప్పుకోవడానికి పనికొస్తాయి, ఇప్పుడు కాదు. ఫోను మోగింది, శశికుమార్.

“ఏమప్పా ఓబీ, సంతకం అయిపాయనా?”

చెప్పాడు. గబగబా, తల ఎత్తకుండా, కోడ్ కంపైల్ అవుతుంటే దాని వరుసలు చూస్తూ చెప్పాడు. అవతల ఆఫీసులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“సరే. రిపేరు చేసినావు గదా, అన్ని పెట్టెలకూ పంపించు. చిన్న మార్పు అని రాయి. ఎవురికీ ఫోన్లు గీన్లు చెయ్యాకు. సంతకం పెట్టిచ్చుకోని రా, తక్కినవి కూర్చోని మాట్లాడుకుందాం.”

“వాడు నొక్కలేదు శశీ.”

“నొక్కినా అని వాడే అంటాండాడు గదప్పా. నువ్వేమన్నా బలవంతం చేసినావా? మన దగ్గర పంతొమ్మిది మంది పనిచేస్తాండారు. ఆలోచించు.”

ఆలోచించాడు. అది కూడా నిజమే కాబట్టి ఆలోచించాడు. ఫోను పెట్టేసి, ఈ పెట్టెలో కొత్త కోడ్ ఎక్కించి, తాళం వేసి, కరెంటు వచ్చినట్టు ల్యాప్‌టాప్ నుంచి సంకేతం పంపాడు. ఎర్ర దీపం కదల్లేదు. ఇంకోసారి. కదల్లేదు. మూడూ ముప్పై ఆరు. మూడు పెట్టెలకు ముందు, తర్వాత మిగతా వాటికి, అని క్రమం పెట్టి పంపాడు. గుత్తి తీసుకుంది. యాడికిలో ఒకటి తీసుకుంది. రెండోది తీసుకోలేదు, సిగ్నల్ లేదు, తెర మీద గుర్తు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మూడూ నలభై నాలుగు. అక్కడి గుట్టలు అతనికి తెలుసు. అక్కడ గొర్రెల వెంట తిరిగేటప్పుడు రేడియో కూడా సరిగ్గా పట్టేది కాదు. ఆ పెట్టె మెకానిక్ పేరు అస్లాం, నంబరు ఉంది. ఫోన్లు చెయ్యాకు అన్న గొంతు చెవిలో ఉంది. చేస్తే చెప్పాలి. ఫ్యూజు పీకు అని చెప్పడమంటే తాళం పనిచెయ్యదని చెప్పడం, ఒకడికి చెబితే సాయంత్రానికి జిల్లాకంతా తెలుస్తుంది. వేలు మీటను నొక్కేసింది. మనసు ఇంకా ఒప్పుకోలేదు గానీ వేలు నొక్కేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి ఎక్కడికో గుట్టెక్కినట్టు రొప్పుతూ ఎత్తాడు.

“సార్, చేతులంతా గ్రీజు. ఏం సార్?”

“అస్లాం, ఫ్యూజు పీకినావా?”

“లేదు సార్. మీరే గదా పీకొద్దంటిరి.”

“పీకు. ఇప్పుడే పో. పీకేంత వరకు వైరు ముట్టాకు. తాళాన్ని నమ్మాకు.”

“ఎర్ర లైటు వెలుగుతాండాది సార్.”

“వెలగనీ. పో అస్లాం, దండం పెడతా.”

అస్లాం మళ్ళీ ఫోను చేసి పీకినానని చెప్పేసరికి మూడూ యాభై మూడు. ఓబిలేష్ జీపు మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇప్పుడు ఇక ఎక్కడా ఎవరికీ ఏమీ కాదు. అదే వింతగా ఉంది, ప్రమాదం అయిపోయింది, ఇక మిగిలింది కాగితమొక్కటే. కాగితం ఎవరినీ చంపదు. సంతకం అయితే బాషా ఇంకేదో పని చూసుకుంటాడు, వెల్డింగు వచ్చు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, భార్య ఫరీదా మిషను కుడుతుంది. పంతొమ్మిది మంది ఇళ్ళలో రేపు పొయ్యి వెలుగుతుంది. మార్పుల చరిత్రలో ఉన్న ఆ మంగళవారం నాటి వరుసను కూడా చెరిపెయ్యవచ్చు, ఎలాగో తనకు తెలుసు, పావుగంట పని. తర్వాత తను బాషాను ఎక్కడైనా బజారులో చూస్తాడు, బాషా నమస్కారం సార్ అంటాడు. అనకుండా ఉంటే బాగుండునని ఆశపడతాడు తను, అయినా బాషా అంటాడు. చచ్చేదాకా తన చేతిని అపనమ్మకంగా చూసుకుంటూ, అదే చేత్తో దండం పెడతాడు. సుంకన్న గోడ వైపు తిరిగే ఉంటాడు. ఇరవై రెండేళ్ళు ఒకే తాడు చెరో కొస పట్టుకుని లాగినవాళ్ళు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఎక్కడో దూరంగా ఇంకొకరి బోరు గుర్రుమంది. ఎర్ర దీపం ఎర్రగానే ఉంది, పెట్టె టక్కుమనలేదు. మారెక్క నడుం పట్టుకుని లేచి, “మోటారు వేయొచ్చా అప్పా, పైరు సస్తాంది” అని కేకేసింది. ఇంకొంచేపు అమ్మా, అని చెయ్యి ఊపి, ఓబిలేష్ వేపచెట్టు దగ్గరికి నడిచాడు. బాషా కాగితాన్ని మోకాలి మీద పరిచి పెన్ను కోసం చెయ్యి చాచాడు. ఓబిలేష్ పెన్ను ఇవ్వలేదు. పక్కన నేల మీదే కూర్చుని సుంకన్నకు ఫోను కలిపి, స్పీకరు నొక్కి, ఇద్దరి మధ్యా రాయి మీద పెట్టాడు.

“ఎవురు?”

“నేను సుంకన్నా, ఓబిలేష్. పక్కన బాషా ఉండాడు. పెట్టెయ్యాకు, ఒక్క నిమిషం విను. బాషా, నువ్వు కూడా. ఆ దినం పెట్టె మీద ఎవురి చెయ్యీ పడలేదు. తాళం దానంతటదే ఊడిపాయ. ఇప్పుడు మూడింటికి నా ముందరే మళ్ళీ ఊడింది, నా కండ్లతో చూసినా. పేరు పొడుగైతే లాగ్ పక్కకు పారి తాళాన్ని తుడిపేస్తాండాది. రెండేండ్ల కిందట దానికి గట్టు ఉన్నింది. ఆ గట్టు తీసింది నేను. తర్వాత కడదామనుకొని మరిచిపోయినా. ఫ్యూజు పీకొద్దని మీకు చెప్పింది కూడా నేనే. ఇంతవరకైతే మరుపు అనొచ్చు, శశికుమార్ కూడా అట్లనే అంటాడు. ఇంకొకటుండాది, అది వానికి కూడా చెప్పలేదు. పాడైపోయిన కారణాన్ని చూసి పెట్టె ‘చేత్తో’ అని ఎందుకు రాసిందంటే, రాయమని నేను చెప్పి పెట్టినా. మోటారు ఎందుకు ఆన్ అయిందో దానికి తెలీకపోతే ‘తెలీదు’ అని రాయాల. అట్ల రాస్తే కొనేవాళ్ళ ముందర మన పెట్టెకు చిన్నతనమని నేనే మార్చినా. తెలీనిదంతా మనిషి చెయ్యి అని రాయమన్నా. అప్పుడు ఆ మాట రాసేటప్పుడు, ఆ చెయ్యి ఎవురిదో ఒకరిది అయితాది గదా అని నాకు తట్టలేదు సుంకన్నా.”